డిస్‌రిప్యూట్ అంటే ఏమిటి? ఎక్కడ, ఎలా వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

క్రికెట్ వార్తల్లో, కాలేజీ హాస్టల్ రూల్సులో, ఆఫీసు మెమోల్లో తరచూ కనబడే ఇంగ్లిష్ మాట ఇది. నిఘంటువు తీస్తే 'అపఖ్యాతి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నోటీసు చేతిలో పట్టుకుని, టెన్షన్‌తో వచ్చి "సార్, దీనర్థం ఏంటి, నా మీద కేసు పెట్టారా?" అని అడిగిన పిల్లలను చూశాక ఆ ఒక్క ముక్క చాలదని నాకు గట్టిగా అనిపించింది. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

డిస్‌రిప్యూట్ అంటే తెలుగులో ఏమిటి?

చెడ్డపేరు. పుస్తక భాషలో అపఖ్యాతి, అపకీర్తి, అప్రతిష్ఠ. ఇంకాస్త వివరంగా చెప్పాలంటే, అంతకుముందు ఉన్న మంచిపేరో నమ్మకమో పోయి, నలుగురూ చిన్నచూపు చూసే స్థితి.

దీనికి మూలమైన లాటిన్ క్రియకు లెక్కవేయడం, తలచడం అని అర్థం. అంటే రిప్యూట్ అన్నది మనలో ఉండేది కాదు, మన గురించి నలుగురూ వేసుకునే లెక్క. తెలుగులో 'పేరు' అన్న మాట కూడా అంతే. పేరు తెచ్చుకున్నాడు, పేరు నిలబెట్టాడు, పేరు చెడగొట్టాడు అంటాం. మనిషి నిజంగా తప్పు చేశాడా లేదా అన్నది ఒక సంగతి, దానివల్ల లోకంలో పేరు ఏమైంది అన్నది ఇంకో సంగతి. డిస్‌రిప్యూట్ చెప్పేది రెండోదాన్ని మాత్రమే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఈ మాట చాలావరకు అర్థమైనట్టే.

ఈ తెలుగు మాటల్లో ఏది వాడాలి అంటే, మామూలు రాతకు 'చెడ్డపేరు' చాలు. 'అపకీర్తి' బరువైన మాట. భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో, గౌరవంగా బతికినవాడికి అపకీర్తి మరణంకన్నా ఎక్కువ అంటాడు. ఇంగ్లిష్‌లో డిస్‌రిప్యూట్‌కు అంత బరువు లేదు. అది ఎక్కువగా రూల్సు భాష, వార్తల భాష. సంస్థల గురించి రాసేటప్పుడు 'అప్రతిష్ఠ' చక్కగా అతుకుతుంది: "శాఖకు అప్రతిష్ఠ తెచ్చారు."

ఎలా పలకాలి?

చివరి భాగాన్ని ఒత్తి, డిస్-రి-ప్యూట్. చాలామంది 'డిస్‌రెప్యూట్' అంటారు, అన్నా అర్థమవుతుంది. విశేషణంగా మారినప్పుడు మాత్రం ఒత్తు ముందుకు జరుగుతుంది: డిస్-రె-ప్యుటబుల్. అక్కడ 'రె' సరైనదే.

వాక్యంలో ఎలా వాడతారు?

ఇక్కడే చాలామంది తడబడతారు. తెలుగులో "అతనికి చెడ్డపేరు ఉంది" అంటాం కాబట్టి, అదే పద్ధతిలో "హీ హ్యాజ్ ఎ డిస్‌రిప్యూట్" అని రాసేస్తారు. ఇంగ్లిష్‌లో అలా అనరు. అక్కడ "హీ హ్యాజ్ ఎ బ్యాడ్ రెప్యుటేషన్" అనాలి. డిస్‌రిప్యూట్ లెక్కపెట్టే నామవాచకం కాదు. ముందు 'ఎ' రాదు, బహువచనం లేదు.

ఎక్కువగా రెండు జతల్లోనే ఇది కనిపిస్తుంది. మొదటిది 'బ్రింగ్ ఇన్‌టు డిస్‌రిప్యూట్', అంటే ఒకరు చేసిన పనివల్ల ఇంకొకరికో, సంస్థకో, వృత్తికో చెడ్డపేరు రావడం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డాక, అది మొత్తం ఆడిటింగ్ వృత్తికే చెడ్డపేరు తెచ్చిందని రాయాలంటే ఈ జత వాడాలి. చెడ్డపేరు ఎవరికి వచ్చిందో ఆ మాట 'బ్రింగ్'కు 'ఇన్‌టు'కు మధ్యలో పడుతుంది: "బ్రాట్ ద ప్రొఫెషన్ ఇన్‌టు డిస్‌రిప్యూట్."

రెండోది 'ఫాల్ ఇన్‌టు డిస్‌రిప్యూట్'. ఇందులో ఎవరి మీదా వేలు చూపించం. ఒక పద్ధతి, ఒక సిద్ధాంతం, ఒక మందు కాలక్రమంలో నమ్మకం పోగొట్టుకుందని చెప్పడానికి ఇది వాడతారు. మెదడులోని నరాల బంధాలను కోసి మానసిక వ్యాధులు తగ్గిస్తామన్న లొబాటమీ ఆపరేషన్ దీనికి మంచి ఉదాహరణ. దాన్ని మొదలుపెట్టిన పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మొనీజ్‌కు 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. 1950ల మధ్యలో క్లోర్‌ప్రొమజీన్ లాంటి మందులు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఎందరో ఉత్సాహం, చొరవ, వ్యక్తిత్వం పోగొట్టుకుని మిగిలిపోయారన్నదీ లోకానికి తెలిసింది. ఆ పద్ధతి 'ఫెల్ ఇన్‌టు డిస్‌రిప్యూట్'. ఫలానావాడు దానికి చెడ్డపేరు తెచ్చాడని ఈ వాక్యం చెప్పదు, నమ్మకం దానంతట అదే పోయిందంటుంది.

క్రికెట్ వార్తల్లోనే ఇది ఎందుకు ఎక్కువగా కనిపిస్తుంది?

ఆటగాళ్ల ప్రవర్తనా నియమావళిలోనే ఈ మాట ఉంది కాబట్టి. ఆటకు చెడ్డపేరు తేవడం అన్నదే ఒక నేరం అక్కడ.

2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ బంతిని గీకడానికి సాండ్‌పేపర్ వాడుతూ టీవీ కెమెరాకు దొరికిపోయాడు. ఈ పనిలో చేయి ఉన్న కెప్టెన్ స్మిత్, వైస్ కెప్టెన్ వార్నర్‌లను ఆస్ట్రేలియా బోర్డు ఏడాదిపాటు, బాన్‌క్రాఫ్ట్‌ను 9 నెలలు నిషేధించింది. బోర్డు మోపిన అభియోగాల్లో ఆటకు డిస్‌రిప్యూట్ తేవడం ఒకటి. బంతి గీకడం అనే తప్పుకు ఐసీసీ వేసిన శిక్ష చాలా చిన్నది. స్మిత్‌కు ఒక్క మ్యాచ్ నిషేధం, మ్యాచ్ ఫీజు మొత్తం కోత. బోర్డు అంత పెద్ద శిక్ష వేసింది దేశం పేరు, ఆట పేరు పోయినందుకు. తప్పు వేరు, పేరు పోవడం వేరు అని పైన చెప్పిన సంగతికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మన దగ్గర కూడా, ఐపీఎల్ బెట్టింగ్ వ్యవహారంలో 2015 జూలైలో జస్టిస్ లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేళ్లు పక్కన పెట్టినప్పుడు వార్తల్లో ఈ మాట మారుమోగింది. ఫుట్‌బాల్‌లోనూ ఇంతే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నియమాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది.

"సంస్థకు డిస్‌రిప్యూట్ తెచ్చారు" అని నాకు షోకాజ్ నోటీసు వచ్చింది. దీనర్థం ఏమిటి? నేనేం చేయాలి?

ముందు కంగారు పడకండి. షోకాజ్ నోటీసు శిక్ష కాదు. మీ వివరణ అడుగుతున్నారు, అంతే. డిస్‌రిప్యూట్ అన్న మాట ఉన్నంత మాత్రాన అది పోలీసు కేసు కాదు, క్రిమినల్ నేరం అంతకన్నా కాదు. సంస్థ లోపలి క్రమశిక్షణ వ్యవహారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో ఉద్యోగికి తగని పని ఏదీ చేయకూడదని ఉంటుంది. ప్రైవేటు కంపెనీల, కాలేజీల నియమాల్లో అదే భావాన్ని తరచుగా ఈ మాటతో చెబుతారు.

ఇలాంటి ఒక నోటీసు నేను దగ్గర కూర్చుని చదివాను. హాస్టల్ కుర్రాడు మెస్‌లో అన్నం బాగోలేదని వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. నోటీసులో నాలుగు లైన్లున్నాయి. మూడు లైన్లు కాలేజీ గొప్పతనం గురించి, నాలుగో లైన్లో "నీ చర్య సంస్థకు డిస్‌రిప్యూట్ తెచ్చింది". ఏ చర్య, ఏ రోజు, ఏ రూలు ప్రకారం అన్నది ఎక్కడా లేదు. ఆ పిల్లవాడు అప్పటికే క్షమాపణ పత్రం రాసుకుని వచ్చాడు, అందులో "నేను సంస్థకు డిస్‌రిప్యూట్ తెచ్చినందుకు" అని వాళ్ల మాటే దించాడు. ఆ వాక్యం తీసేయమని చెప్పాను. చేసిన పని ఒప్పుకోవడం వేరు, దానివల్ల పేరు పోయిందని ఒప్పుకోవడం వేరు. "ఫలానా రోజు వీడియో పెట్టిన మాట నిజమే, వెంటనే తీసేశాను, సంస్థను చులకన చేయాలన్న ఉద్దేశం లేదు, అన్నం గురించి వార్డెన్ గారికి ముందే చెప్పాం" అని రాయించాను. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఒక్కటే. అన్నం బాగోకపోవడం వల్ల రాని అప్రతిష్ఠ, ఆ సంగతి చెప్పడం వల్ల వచ్చిందని ఆ నోటీసు రాసినవాళ్లు నిజంగానే నమ్మారు.

కాబట్టి మీ జవాబు గడువులోపల, రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ పని గురించి అడుగుతున్నారో నోటీసులో లేకపోతే వివరాలు, ఆధారాల నకళ్లు ఇమ్మని మర్యాదగా అడగండి. జరిగింది జరిగినట్టు రాయండి. వాళ్లు వాడిన పెద్ద మాటలు మీ ఉత్తరంలో తిప్పి రాయకండి. ఉద్యోగానికే ముప్పు ఉందనిపిస్తే జవాబు ఇచ్చేముందు లాయర్‌కు చూపించండి.

డిఫమేషన్, పరువునష్టం కూడా ఇదేనా?

కాదు. పరువునష్టం అంటే ఒకరు ఇంకొకరి గురించి చెప్పిన మాటవల్లో రాసిన రాతవల్లో వాళ్ల పేరు దెబ్బతినడం. డిస్‌రిప్యూట్ అంటే ఆ పేరు పోయిన స్థితి, అది సొంత పనులవల్ల కూడా రావచ్చు.

పరువునష్టం మన దేశంలో సివిల్ దావాకూ దారితీస్తుంది, క్రిమినల్ కేసుకూ దారితీస్తుంది. పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వాటి స్థానంలో వచ్చింది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా వేయవచ్చు. పరువు కూడా జీవించే హక్కులో భాగమేనని, క్రిమినల్ పరువునష్టం చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2016లో తీర్పు ఇచ్చింది.

నొటోరియస్, ఇన్‌ఫేమస్ కూడా ఇదే అర్థమా? "నొటోరియస్ డాక్టర్" అనొచ్చా?

మంచి డాక్టర్ గురించైతే అనకూడదు. ఈ తప్పు మనవాళ్లే ఎక్కువగా చేయడానికి కారణం ఉంది. తెలుగులో 'పేరుమోసిన' అన్న మాట రెండు వైపులా పనిచేస్తుంది. పేరుమోసిన డాక్టర్ అంటాం, పేరుమోసిన దొంగ అంటాం. పక్కన ఏ మాట ఉంటే ఆ రంగు దానికి వస్తుంది. నొటోరియస్ కూడా మొదట్లో అలాంటిదే. దాని మూల లాటిన్ మాటకు 'తెలిసిన' అని మాత్రమే అర్థం. ఇవాళ మామూలు ఇంగ్లిష్‌లో అది చెడ్డకు తప్ప వాడరు. పాత అర్థం కోర్టుల్లో కొంత మిగిలింది. ఇంకొకరి భూమిని ఏళ్లకేళ్లు అనుభవించి హక్కు అడిగే కేసుల్లో, ఆ స్వాధీనం 'ఓపెన్ అండ్ నొటోరియస్' అంటే అందరికీ తెలిసేలా బాహాటంగా ఉండాలంటారు. అక్కడ ఎవరినీ తిట్టినట్టు కాదు.

నొటోరియస్ రోజూ ఎదురయ్యే చిన్న చెడుకు కూడా సరిపోతుంది. ఫలానా చౌరస్తా ట్రాఫిక్ జామ్‌లకు నొటోరియస్ అనొచ్చు. ఇన్‌ఫేమస్ ఒక మెట్టు ఎక్కువ. అందులో అసహ్యం, పాపం ఉన్నాయి. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. మర్నాడు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్)లో మాట్లాడుతూ, ఆ తేదీ 'ఇన్‌ఫమీ'లో నిలిచిపోతుందన్నాడు. మొదటి రాతప్రతిలో 'ప్రపంచ చరిత్రలో నిలిచిపోతుంది' అని ఉండేది. ఆయన తన చేత్తో కొట్టేసి ఈ మాట రాశాడు. చరిత్ర అన్న మాటలో కోపం లేదు, దీనిలో ఉంది. ఇన్‌ఫేమస్ అంటే 'ఫేమస్ కానిది' అనుకుని పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, జాగ్రత్త.

డిస్‌రిప్యూట్‌లో మాత్రం 'అందరికీ తెలిసిన' అన్న భావం అంత లేదు. గౌరవం పోవడమే దాని ప్రాణం.

ఒక ఊరి గురించి, ఒక కులం గురించి ఈ మాట వాడొచ్చా?

దీనికి నా జవాబు సూటిగా ఉంటుంది: వద్దు. భాష ఒప్పుకోదని కాదు, వాడితే ఏం జరుగుతుందో మన తెలుగునేల మీదే చూశాం కాబట్టి.

ఎరుకలవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించి ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకుతెరువు పోయి తిరిగే మనుషులు ఆ ప్రభుత్వానికి అనుమానితుల్లా కనిపించారు. బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఒక తెగను ప్రకటించాక, అందులో పుట్టడమే అనుమానానికి చాలు. పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించుకునేవాళ్లు. పాస్ లేకుండా ఊరు దాటితే శిక్ష.

బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం అలా 1910లలో ఎరుకలవాళ్లను కాపలా కింద ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంట్‌గా పుట్టిన ఊరు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారిగా ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. చట్టాన్ని 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. ఆ తెగలను విముక్త జాతులు అన్నారు. చట్టం పోయింది గానీ పేరు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా 'స్టూవర్టుపురం ముఠా' అని వార్తలు, సినిమాల్లో అదే ఊరు, బడిలో పిల్లల మీద అదే ఎగతాళి. ఊరి పేరు చెబితే అద్దె ఇల్లు దొరకదు, పనిలో పెట్టుకోరు అని అక్కడివాళ్లు చెప్పుకునే బాధ ఈ చరిత్ర నుంచే వచ్చింది. సంఘసంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు 1970లలో అక్కడ పని మొదలుపెట్టి, నేరాల దారి వదిలి వచ్చినవాళ్లకు అండగా నిలబడ్డారు.

కొందరు నేరాలు చేశారా? చేశారు. కానీ వాళ్ల పేరు ఊరందరికీ అంటించింది చట్టం, దాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది మన రాతలు. అందుకే 'నొటోరియస్ విలేజ్' అని రాసే ముందు, నేరం చేసిన మనిషి ఎవరు, ఏ కేసు, ఏ సంవత్సరం అని రాయగలమా అని చూడండి. రాయగలిగితే ఊరి పేరు మోయాల్సిన అవసరమే రాదు.

అపవాదు, నీలాపనింద, డిస్‌రిప్యూట్ మధ్య తేడా ఏమిటి?

అపవాదు, నింద అంటే ఎదుటివాళ్లు మోపేవి. అవి నిజం కాకపోవచ్చు. వినాయక చవితినాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయంటారు కదా, శమంతకమణి కథలో కృష్ణుడి మీద పడింది అదే. ప్రసేనుణ్ణి చంపింది సింహం, జనం వేలు చూపింది కృష్ణుడి వైపు. ఇంగ్లిష్‌లో దీన్ని 'ఫాల్స్ ఎలిగేషన్' అనాలి. ఆ నింద జనం నమ్మి పేరు పోతే, అప్పుడు డిస్‌రిప్యూట్.

వ్యతిరేక పదం?

గుడ్ రిప్యూట్, లేదా మామూలుగా గుడ్ రెప్యుటేషన్. డిస్‌రిప్యూట్ అర్థంతోనే 'ఇల్ రిప్యూట్' అన్న జత కూడా ఉంది గానీ, 'హౌస్ ఆఫ్ ఇల్ రిప్యూట్' అంటే వేశ్యాగృహం. పాత ఇల్లు అమ్మకం ప్రకటనలో పొరపాటున రాయకండి.

పోటీ పరీక్షల్లో సమానార్థకాలుగా ఏవి ఇస్తారు?

డిసానర్, డిస్‌క్రెడిట్, డిస్‌గ్రేస్, ఇగ్నొమినీ, ఇన్‌ఫమీ. వీటిలో దగ్గరిది డిస్‌క్రెడిట్. ఆప్షన్లలో 'డిస్‌రిపెయిర్' కనబడితే మోసపోకండి, అది పాడుబడిన స్థితి. భవనాలు డిస్‌రిపెయిర్‌లో పడతాయి, పేర్లు డిస్‌రిప్యూట్‌లో పడతాయి.

ఒకసారి వచ్చిన డిస్‌రిప్యూట్ పోతుందా? ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

పోవచ్చు. మనిషి గురించైతే 'రిస్టోర్ హిజ్ రెప్యుటేషన్', తప్పుడు ఆరోపణ తేలిపోతే 'క్లియర్ హిజ్ నేమ్' అంటారు. పద్ధతి, మందు లాంటివాటికి 'రిహాబిలిటేట్' వాడతారు.

మందుల్లో థాలిడమైడ్ కథ తెలుసుకోదగ్గది. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా అమ్మకానికి వచ్చింది, గర్భిణులు వాంతులు తగ్గడానికి వేసుకున్నారు. చేతులు, కాళ్లు సరిగా ఎదగని పిల్లలు వేలల్లో పుట్టారు. 1961 చివర్లో మార్కెట్ నుంచి తీసేశారు. అంతకన్నా చెడ్డపేరు మూటగట్టుకున్న మందు ఇంకొకటి ఉండదేమో. 1964లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ అనే వైద్యుడు, నొప్పితో నిద్రలేని కుష్ఠురోగికి నిద్ర కోసం అదే మందు ఇస్తే, ఒంటి మీది బాధాకరమైన గడ్డలు తగ్గడం గమనించాడు. 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుష్ఠులో వచ్చే ఆ రియాక్షన్‌కు, 2006లో మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు దాన్ని అనుమతించింది. గర్భిణుల విషయంలో మాత్రం కట్టడి ఇప్పటికీ కఠినంగానే ఉంది. దీన్ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు 'వన్స్ ఇన్ డిస్‌రిప్యూట్, నౌ యూజ్డ్ అండర్ స్ట్రిక్ట్ కంట్రోల్' అని రెండూ కలిపి రాయాలి. మొదటి సగం వదిలేస్తే చదివినవాళ్లు ప్రమాదంలో పడతారు.